అయిందా? దేనికి?

ఇంట్లో పులియబెట్టుకునే వాటి గురించి నన్ను అడిగేవాళ్ళంతా ఒకే ప్రశ్నతో వస్తారు: "ఎన్ని గంటలు ఉంచాలండీ?" కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనదాన్ని కదా, గంటలూ నిమిషాలతో సహా చెబుతానని వాళ్ళ ఆశ. నేను చెప్పను. గుంటూరులో మే నెలలో నాలుగైదు గంటలకే గిన్నె దాటి గట్టు మీదికి వచ్చే పిండి, జనవరిలో అదే గిన్నెలో అదే చేత్తో కలిపినా తెల్లారేదాకా ఉలకదు పలకదు. పొయ్యి మీది కూరకైతే ఉడికింది, దించాం అని ఒక హద్దుంది. పులిసేదానికి ఆ హద్దు లేదు. అది తన మానాన నడుస్తూనే ఉంటుంది, ఎక్కడ ఆపుకోవాలో మనం చూసుకోవాలి. అందుకే "అయిందా?" అని ఎవరైనా గిన్నె తెచ్చి చూపిస్తే, "దేనికి?" అని ఎదురడుగుతాను. ఇన్నేళ్ళలో చేత్తో, ముక్కుతో నేర్చుకున్నవి కొన్ని రాస్తున్నాను. పనికొచ్చినవి పుచ్చుకోండి.

1. ఇడ్లీకి పొంగు చూడాలి, అట్టుకి పులుపు చూడాలి.

పొంగడం, పులవడం ఒకటే అనుకుంటారు చాలామంది. రెండూ ఒకే పిండిలో జరుగుతాయి గానీ వేరువేరు పనులు. పిండిలో ముందుగా విజృంభించేది ల్యూకోనోస్టాక్ అనే బాక్టీరియా. మినప్పప్పుతోనే ఇంట్లోకి వస్తుంది కాబట్టి విడిగా తోడు వెయ్యక్కర్లేదు. అది పులుపుతోపాటు కార్బన్ డయాక్సైడు కూడా వదులుతుంది. పిండిని లేపేది ఆ గాలే. 1965లో అమెరికాలో ముఖర్జీ, పెడర్సన్, స్టైన్‌క్రాస్ మొదలైనవాళ్ళు ఇడ్లీ పిండిని పరీక్షించి, ఆ పొంగు ఈ జాతి చలవేనని తేల్చారు. దాని వెనక పుంజుకునే జాతులు పులుపు పెంచుతాయే గానీ పిండిని లేపవు. అంటే పొంగు ఒక చోట ఆగిపోయి దిగడం మొదలుపెడుతుంది, పులుపు మాత్రం ఎక్కుతూనే ఉంటుంది.

కాబట్టి పిండి నిండుగా లేచి ఇంకా దిగనప్పుడు ఇడ్లీకి అయినట్టు. ఆ పూట ఇడ్లీ వేసేసి, మిగిలింది మర్నాటికి ఉంచితే అట్టుకి అవుతుంది. మూడోనాటికి ఊతప్పానికో, కాస్త బియ్యప్పిండీ ఉల్లిపాయలూ కలిపి పునుగులకో అవుతుంది. ఇడ్లీకి పాడైందని మనం తిట్టుకునే పిండి పునుగులకి మహా బాగుంటుంది. అట్టు విషయంలో ఒక్కటి: మరీ పులిసిపోయిన పిండితో పోస్తే అట్టు ఎర్రగా కాలనని మొండికేస్తుంది. చిటికెడు పంచదార వేస్తే దారికొస్తుంది.

2. పిండిని కాదు, గిన్నె గోడని చూడాలి.

పిండి ఎప్పుడూ గిన్నెలో సగానికే పొయ్యాలి. పొయ్యగానే గోడ మీద ఎక్కడిదాకా ఉందో గుర్తు పెట్టుకోవాలి. పొద్దున మూత తీసేసరికి ఇడ్లీకి అయిన పిండి రెండింతలకి దగ్గరగా లేచి, మధ్యలో కొంచెం గుబురుగా ఉండి, పైన సూదితో పొడిచినట్టు సన్నటి చిల్లులు కనిపిస్తాయి. గరిటె మధ్యలో దించకండి. అంచు పక్కనుంచి నెమ్మదిగా దించి పైకెత్తితే బుస్సుమని చిన్న చప్పుడు వస్తుంది, లోపలంతా బుడగలే. గరిటెలోంచి ధారగా జారకుండా ముద్దలుగా పడుతుంది. అప్పుడిక గిలకొట్టకుండా, ఆ అంచునుంచే తీస్తూ ఇడ్లీ పళ్ళెంలో వేసుకోవాలి. బాగా కలిపేసి వేస్తే రాత్రంతా పట్టిన గాలి ఒక్క నిమిషంలో పోతుంది.

పిండి తక్కువగానే కనిపించి, దానికి అంగుళం పైన గోడ మీద ఎండిపోయిన పిండి చార ఉందనుకోండి, అది మీరు నిద్రపోతుండగా లేచి దిగిందని అర్థం. మా కోడలు డాలస్‌లో ఉంటుంది. ఓ రోజు ఫొటో పెట్టి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, పిండి అస్సలు పొంగలేదు. ఇంకో నాలుగు గంటలు ఉంచనా?"

ఫొటోలో గోడ మీద చార తెల్లగా కనిపిస్తూనే ఉంది.

"వద్దమ్మాయ్, పొంగడమూ అయింది, పడుకోవడమూ అయింది. అట్లు పోసేసుకో" అన్నాను.

ఆమె నాలుగు గంటలూ ఉంచి ఉంటే ఆ పులుపుకి పిల్లలు నోట పెట్టేవాళ్ళు కాదు.

3. పులిసింది గానీ పొంగలేదంటే, లోపం రుబ్బులో ఉంది.

గోడ మీద చార లేదు, వాసన మాత్రం పుల్లగా ఉంది. అంటే గాలి పుట్టింది, నిలవలేదు. గాలిని పట్టి ఉంచేవి మినప్పప్పులోని జిగురూ మాంసకృత్తులూ. అవి బయటికి రావాలంటే పప్పుని నీళ్ళు కొద్దికొద్దిగా చిలకరిస్తూ తెల్లగా, నురగగా రుబ్బాలి. గ్లాసుడు నీళ్ళలో చిన్న చుక్క వేసి చూడండి. తేలితే చాలు, మునిగితే ఇంకా రుబ్బాలి. మిక్సీలో వేస్తే పిండి వేడెక్కుతుంది, కాబట్టి చల్లటి నీళ్ళు వాడాలి, మధ్యమధ్యలో ఆపాలి. పాత పప్పుకి జిగురు చచ్చిపోతుంది. ఆ పప్పుని రోట్లో రుబ్బినా ఉపయోగం లేదు. మా వైపు గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ లెక్క. రవ్వలో నీళ్ళు గట్టిగా పిండకుండా కలిపినా పిండి పల్చబడి, వచ్చిన బుడగ వచ్చినట్టే పైకి పోతుంది.

లేవని పిండికి వంటసోడా వేసేవాళ్ళున్నారు. ఇడ్లీ ఉబ్బుతుంది, నిజమే. కానీ సోడా క్షారం, పిండిలోని పులుపుని తినేస్తుంది. రాత్రంతా ఎదురుచూసి సంపాదించుకున్న రుచిని చెంచాడు సోడాకి అప్పజెప్పడం నాకైతే మనసొప్పదు.

4. చలికి గంటలు పెంచకండి, వెచ్చదనం పెంచండి.

పిండికి ముప్ఫై డిగ్రీల దగ్గర సుఖం. ఇరవై డిగ్రీల వంటింట్లో ఇరవై నాలుగు గంటలు ఉంచితే పొంగు నీరసంగా వస్తుంది, ఈలోపు అక్కర్లేనివి కూడా పెరగడానికి వ్యవధి దొరుకుతుంది. హైదరాబాద్ డిసెంబరుకి బియ్యం డబ్బాలో గిన్నె దించి మూత పెడితే సరిపోతుంది. అమెరికా పిల్లలు ఓవెన్ వెలిగించకుండా లోపలి దీపం మాత్రం వేసి అందులో పెడుతున్నారు, ఉపాయం మంచిదే. కానీ ఓవెన్ తలుపు మీద ఒక చీటీ అంటించండి. లోపల పిండి ఉందని తెలియక, సాయంత్రం ఎవరో ఒకరు పిజ్జా కోసం మీట నొక్కుతారు.

5. పెరుగుని కుదిపి చూడకూడదు, వంచి చూడాలి.

పాలు పెరుగవడం వెనక లెక్క ఒకటే. పాల పీహెచ్ 6.6 దగ్గర ఉంటుంది. తోడులోని బాక్టీరియా పాలలోని చక్కెరని లాక్టిక్ ఆమ్లంగా మార్చుకుంటూ పోతే, 4.6 దగ్గరికి వచ్చేసరికి కేసిన్ అనే మాంసకృత్తు గడ్డ కడుతుంది. పండిన ఇడ్లీ పిండి కూడా ఇంచుమించు అక్కడే, నాలుగున్నర దగ్గర ఉంటుంది. ఈ పీహెచ్ కాగితాలు ఇప్పుడు ఇంటికే తెప్పించుకోవచ్చు గానీ, వంటింట్లో నేను వాటిని పక్కన పెట్టేశాను. పులుపు ఎంతో చెబుతాయి, పొంగు గురించి నోరు విప్పవు. పెరుగుకైతే కాగితం కంటే కన్నే నయం.

గిన్నె కదల్చకుండా ఒక పక్కకి కొంచెం వంచండి. అయిన పెరుగు మొత్తం ఒక్కటిగా కదిలి, ఒక చోట గోడని వదులుతుంది. ఆ సందులో పచ్చదనం తిరిగిన తేటనీరు చెంచాడు కనిపిస్తుంది. పైన ఇంకా పాలలాగే జారుతుంటే మూత పెట్టి వచ్చేయండి. మళ్ళీ మళ్ళీ కెలికితే సగం కట్టిన గడ్డ విరిగి నీళ్ళోడుతుంది. గడ్డ చుట్టూ నీరు చేరి, పెరుగు గోడకి దూరంగా ముడుచుకుందంటే గడ్డపెరుగు దశ దాటింది. అది మజ్జిగ పులుసుకి అయింది, చల్ల మిరపకాయలకి ఇంకా బాగా అయింది. పిల్లల పెరుగన్నానికైతే గడ్డ కట్టీ కట్టగానే ఫ్రిజ్‌లో పెట్టెయ్యాలి. అక్కడ ఇంకాస్త గట్టిపడుతుంది.

మొదట్లో చేసే రెండు పనుల మీదే చివర ఆధారపడి ఉంటుంది. ప్యాకెట్ పాలు ఎలాగూ వేడి చేసినవేగా అని గోరువెచ్చగా తోడేస్తారు కొందరు. పాలని బాగా మరిగిస్తే వాటిలోని మిగతా మాంసకృత్తులు కేసిన్‌కి అంటుకుని పెరుగు గట్టిగా వస్తుంది. మరిగించడం కేవలం క్రిముల కోసం కాదు. రెండోది, చిటికెన వేలు ముంచితే వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు. మరీ వేడి మీద తోడేస్తే తోడు చచ్చిపోతుంది.

6. తోడు ఎక్కువేస్తే తొందరగా అవుతుంది, తొందరగా పాడవుతుంది కూడా. అరలీటరు పాలకి చిన్న చెంచాడు చాలు. తోడు లేని ఊళ్ళో రెండు ఎండుమిరపకాయ తొడిమలు వెచ్చటి పాలలో వేసి ఉంచితే గడ్డ కడుతుంది గానీ మొదటి గిన్నె రుచి ఉండదు. దాన్ని తోడుగా వాడి రెండో గిన్నె పెట్టాలి. పెరుగు తీగలు సాగుతుంటే ఆ తోడు వదిలేసి పక్కింట్లో అడిగి కొత్తది తెచ్చుకోండి. అందులో మొహమాటం ఏమీ లేదు.

7. ఆవకాయ పులవకూడదు, ఊరాలి.

చదువుకున్నవాళ్ళు కూడా ఊరగాయలన్నీ పులియబెట్టినవే అంటుంటే వింటున్నాను. ఆవకాయ వరకు అది సరికాదు. మామిడికాయ పులుపు పుట్టుకతో వచ్చింది, ఉప్పు మనం దండిగా పోస్తాం, పైన నూనె కప్పుతుంది. ఆ మూడింటి మధ్య బాక్టీరియాకి పని తక్కువ. జరిగేదల్లా ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగడం, ఆ ఊటలో ఆవపిండీ కారమూ నాని మళ్ళీ ముక్కలోకి వెళ్ళడం. అందుకే పిండిలో బుడగ కనిపిస్తే సంతోషిస్తాం, ఆవకాయలో బుడగ కనిపిస్తే కంగారు పడాలి. జాడీలో చిటపటలాడుతూ నురగ తేలిందంటే ఉప్పు చాలలేదు, లేకపోతే తడి తగిలింది.

మూడోనాడు తిరగ కలపడం పెద్దవాళ్ళు పెట్టిన ఆచారం కాదు, పరీక్ష. ఆ రోజుకి అడుగున ఊట దిగి, నూనె పైకి తేలి ఉండాలి. ఉప్పు చూస్తే నాలికకి కొంచెం ఎక్కువే అనిపించాలి. సమంగా ఉందంటే తక్కువైనట్టే, ముక్కలు ఇంకా తాగుతాయి కాబట్టి. కొత్త ఆవపిండి చేదూ ఘాటూ ముక్కుకెక్కుతున్నంతకాలం ఊరడం సాగుతూనే ఉందని లెక్క. ఆ ఘాటు తగ్గి, ముక్క అడ్డంగా కోస్తే మధ్యదాకా తెలుపు పోయి పసుపు రంగు తిరిగి, టెంక దగ్గర మాత్రం ఇంకా కరకరలాడుతుంటే ఊరినట్టు.

ఇక్కడా దేనికి అని అడగాలి. మా ఇంట్లో మగవాళ్ళు మూడోనాడే వేడన్నంలో నెయ్యేసుకుని కలుపుకుంటారు, ఆ పచ్చి ఘాటే వాళ్ళకి కావాలి. పిల్లల కోసం విమానమెక్కించే సీసాకైతే కనీసం నెలైనా ఆగుతాను. ఊట దిగడం పూర్తయి, నూనె నిలకడగా పైన నిలబడిన ఆవకాయనే కట్టాలి. నూనె ఇంకా పీల్చుకుంటుండగా కట్టిన సీసా అక్కడికి చేరేసరికి పైముక్కలు బయటపడి ఉంటాయి, బూజుకి చోటు అదే.

8. పండుమిరపకాయ పచ్చడి మటుకు వేరు. ఉప్పూ చింతపండూ వేసి తొక్కి జాడీకి ఎత్తితే అది నిజంగానే పొంగుతుంది. జాడీ మెడదాకా నింపారో, మర్నాడు పొద్దున గూట్లో ఎర్రటి మరకలు తుడుచుకోవాలి. మూడోనాడు తీసి రుబ్బేటప్పటికి ఆ ఉరవడి తగ్గుతుంది.

9. చల్ల మిరపకాయలు అయ్యాయో లేదో చెవితో తెలుస్తుంది.

కారం తక్కువున్న లావు మిరపకాయల్ని తొడిమ తియ్యకుండా చీరి, ఉప్పేసిన పుల్లటి మజ్జిగలో రాత్రంతా నానబెట్టి, పగలు చాటలో ఎండబెట్టి, సాయంత్రం మళ్ళీ అదే మజ్జిగలో వెయ్యడం అందరికీ తెలిసిందే. ఎన్ని రోజులన్నది ఎండ మీద ఆధారం. మొదటి సగం అయినట్టు మజ్జిగ చెబుతుంది: సాయంత్రం గిన్నెలో కాయలు మునగడానికి మజ్జిగ మిగలదు, అంతా కాయలే తాగేసి ఉంటాయి. అక్కణ్ణుంచి ఎండే. పచ్చదనం పోయి పాలిపోతాయి, పైన తెల్లటి పొర పొడిపొడిగా రాలుతుంది. గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడిస్తే లోపల గింజలు గలగలమనాలి. విరిస్తే టప్పున విరగాలి. వంగిందంటే తడి ఉంది, డబ్బాకెత్తితే పది రోజుల్లో లోపల బూజు. ఇంకా సందేహముంటే ఒకటి నూనెలో వేసి చూడండి. ఎండిన కాయ నిమిషంలోపే ఉబ్బి కాఫీ రంగుకి తిరుగుతుంది, తడి కాయ నూనె చిమ్మి మొహం మీదికొస్తుంది. ఈ పరీక్ష దూరంగా నిలబడి చెయ్యండి.

10. తరవాణికి ముగింపు లేదు.

మా అమ్మమ్మ వాళ్ళింట్లో వేసవిలో తరవాణి కుండ ఓ మూల ఎప్పుడూ ఉండేది. అన్నం వార్చిన గంజి అందులో చేరేది, పుల్లబడిన నీళ్ళు పొద్దున్నే చద్దన్నంలోకి తీసేవాళ్ళు. తీసినంత మళ్ళీ పోసేవాళ్ళు. ఆ కుండకి అయింది, కాలేదు అనే మాటే లేదు, రోజూ రుచి చూసి పులుపు ఎక్కువైతే గంజి ఎక్కువ పొయ్యడం, తక్కువైతే తియ్యడం తగ్గించడం. ఇప్పుడు వార్చుకునేవాళ్ళే లేరు, కుక్కరు అన్నానికి గంజెక్కడిది?

చద్దన్నం మాత్రం మళ్ళీ వచ్చింది, మట్టి ముంతల్లో పోసి హోటళ్ళలో అమ్ముతున్నారు. ఇంట్లో చేసుకునేవాళ్ళు ఒకటి గమనించండి. మిగిలిన అన్నాన్ని పొడిగా రాత్రంతా గట్టు మీద వదిలేసి పొద్దున నీళ్ళు పోస్తే అది చద్దన్నం కాదు, పాచిపోయిన అన్నం. చల్లారగానే మునిగేలా నీళ్ళు పోసి, కాస్త మజ్జిగ కలిపితే పులుపు ముందుగా ఎక్కి చెడ్డవాటిని రానివ్వదు. పొద్దున మెతుకు వేళ్ళ మధ్య ఇట్టే నలగాలి, నీళ్ళు పల్చగా తెల్లబడాలి, వాసన పుల్లమజ్జిగలా ఉండాలి. వేళ్ళకి జిగటగా తగిలితే పారబొయ్యండి. ఎండాకాలమైతే పొద్దున్నే తినెయ్యాలి, మధ్యాహ్నానికి దాచుకునేది కాదు.

11. ఆపదలచుకుంటే ముందే ఆలోచించాలి.

ఫ్రిజ్ ఆపదు, నెమ్మది చేస్తుంది. నాలుగు డిగ్రీల్లోనూ పిండి పులుస్తూనే ఉంటుంది కాబట్టి సీసా మూత బిగించకండి, వదులుగా పెట్టండి. పెద్ద గిన్నె చల్లబడటానికే రెండు మూడు గంటలు పడుతుంది, అందుకని పూర్తిగా పొంగాక కాదు, ముప్పావు వంతు పొంగగానే లోపల పెట్టాలి. వేసవిలో ఉప్పు రాత్రే కలిపితే కాస్త నిదానిస్తుంది, చలికాలంలో పొద్దున కలుపుకోవచ్చు. తాటిచెట్టు ఎక్కేవాళ్ళకి ఈ విద్య ఎప్పుడో తెలుసు: కుండ లోపల సున్నం పూసి కడితే దిగేది తియ్యటి నీరా, పూయకపోతే కల్లు. చెట్టు దిగాక చెయ్యగలిగింది ఏమీ ఉండదు.

12. రెండో ముక్కుని పిలవండి.

వయసు మీద పడ్డాక ముక్కు మందగిస్తుంది. ఇది మనకి తెలియదు, ఎదుటివాళ్ళకి తెలుస్తుంది. జలుబు చేసినప్పుడూ అంతే. సందేహమొస్తే నేను పక్క వాటాలో ఉండే అమ్మాయిని కేకేస్తాను. వాళ్ళది కరీంనగర్. వాసన చూసి "మంచిగనే పుల్సింది అమ్మమ్మా" అంటే ధైర్యం. మొహం చిట్లిస్తే ఇక రుచి కూడా చూడను. పులిసిన వాసన ఎంత ఘాటైనా నోట్లో నీళ్ళూరిస్తుంది, కుళ్ళిన వాసన తల పక్కకి తిప్పిస్తుంది.

పిండి మీద గులాబీ, నారింజ రంగు మచ్చలు గానీ, నల్లటి నూగు గానీ కనిపిస్తే పైది తీసేసి కిందిది వాడుకుందామనుకోవద్దు. కనిపించేది పైన ఉన్నా వేళ్ళు లోపలికి దిగి ఉంటాయి. గిన్నెడు పప్పు పోయిందని బాధపడుతూనే మొత్తం పారబొయ్యండి. గిన్నెకి సలసల కాగే నీళ్ళు పోసి, ఆ గరిటెనీ అందులోనే ముంచి ఎండలో బోర్లించండి. రబ్బరు రింగు ఉన్న సీసా మూతైతే రింగు ఊడదీసి విడిగా కడగాలి, మచ్చ మళ్ళీ వచ్చేది అక్కణ్ణుంచే.